ఊసరవెల్లి కన్ను మూసినప్పుడు

రాత్రి పూట పాలిపోయి కదలకుండా ఉంటే అది ఆరోగ్యం. మధ్యాహ్నం వేళ కునికిపాట్లు పడితే అది ప్రమాదం. ఈ తేడా తెలియకనే పంజరాలలో ఎన్నో ఊసరవెల్లులు అకాలంగా ప్రాణాలు విడుస్తున్నాయి.

ఊసరవెల్లిని కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవారిని మొదటి రాత్రే భయపెట్టే దృశ్యం ఒకటున్నది. పగలంతా చిగురాకు పచ్చదనంతో మెరిసిన ప్రాణి చీకటి పడేసరికి వెలవెలబోతుంది. సన్నని కొమ్మ కొసకు చేరి, తోకను గడియారపు స్ప్రింగులా చుట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. ప్రాణం పోయిందేమోనని యజమాని దీపం వేసి చూస్తాడు; కొందరు వేలితో కదిపి కూడా చూస్తారు. నిజానికి ఆ క్షణాన ఆ ప్రాణికి వచ్చిన ఆపద ఏమీ లేదు. అది హాయిగా నిద్రపోతున్నది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దృశ్యం మరొకటి. మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ దీపం దేదీప్యమానంగా వెలుగుతూ ఉంటుంది. ఊసరవెల్లి మాత్రం కొమ్మ మీద కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. ఎదుట పురుగు పాకినా తెరవదు. 'పాపం, కాస్త కునుకు తీస్తున్నది' అనుకుని యజమాని తన పని తాను చూసుకుంటాడు. రెండు మూడు రోజులు ఇలాగే గడుస్తాయి. వైద్యుని దగ్గరకు తీసుకుపోయేసరికి చాలా సందర్భాలలో చేయగలిగినది కొద్దిగానే మిగిలి ఉంటుంది.

మొదటిదానికి కంగారు పడటం, రెండవదానికి నిశ్చింతగా ఉండటం - ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. మనిషి తన నిద్రను కొలబద్దగా పెట్టుకుని ఊసరవెల్లి నిద్రను అంచనా వేస్తున్నాడు. దాని కొలతలు వేరు.

కొండల నుంచి పంజరానికి

ప్రపంచంలో రెండు వందలకు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి. వాటిలో దాదాపు సగం ఒక్క మడగాస్కర్ దీవిలోనే నివసిస్తాయి. అమెరికాలోనూ, ఐరోపా దేశాలలోనూ పెంపుడు జంతువుగా ఎక్కువ ప్రచారం పొందినది మాత్రం యెమెన్ దేశానికీ, సౌదీ అరేబియా నైరుతి ప్రాంతానికీ చెందిన వెయిల్డ్ కమీలియన్. తలపై ముసుగు వేసుకున్నట్టు ఎత్తయిన శిఖ ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. మగది తోకతో కలిపి రెండడుగుల వరకు పెరుగుతుంది. దాని తరువాతి స్థానం మడగాస్కర్ తీరంలోని పాంథర్ కమీలియన్‌ది.

ఈ ప్రాణుల స్వస్థలాన్ని తలచుకుంటే వాటి నిద్ర సగం అర్థమవుతుంది. యెమెన్ కొండలోయలలో పగలు ఎండ మండుతుంది. రాత్రి చలి దిగుతుంది. తెల్లవారేసరికి ఆకుల మీద మంచుబిందువులు నిలుస్తాయి. పగటికీ రాత్రికీ మధ్య గీత గీసినట్టు తేడా ఉంటుంది. భూమధ్యరేఖకు మరీ దూరం కాని ఆ ప్రాంతంలో రాత్రి ఇంచుమించు పన్నెండు గంటలుంటుంది. ఊసరవెల్లి ఆ పన్నెండు గంటలూ నిద్రకే కేటాయిస్తుంది. దాని చూపు పగటి కోసం ఏర్పడినది. చీకటిలో వేటాడలేదు, తిరగలేదు, పోరాడలేదు. సూర్యుడు అస్తమించడానికి కొంత ముందే పడక వెదుక్కుంటుంది. ఉదయించిన తరువాతగానీ కదలదు.

మడగాస్కర్ అడవులలోని బ్రూకీసియా అనే చిట్టి ఊసరవెల్లుల అలవాటు ఇంకా విచిత్రమైనది. ఎండుటాకులను పోలిన ఈ జీవులు పగలంతా నేల మీద రాలిన ఆకుల మధ్యనే తిరుగుతాయి. చీకటి పడే సమయానికి మాత్రం చిన్న చిన్న మొక్కలెక్కి, నేలకు కొద్ది ఎత్తులో పడుకుంటాయి. నేల మీద రాత్రి సంచరించే శత్రువులకు అందకుండా ఉండటానికి ఆ జానెడు ఎత్తే చాలు.

కొమ్మ కొసన కాపలా

పెద్ద ఊసరవెల్లులు సైతం పడకకు బలమైన కొమ్మను కాక సన్నని రెమ్మ చివరనే ఎంచుకోవడం గమనించదగిన విషయం. ఇందులోని ఉపాయం సులభంగానే బోధపడుతుంది. రాత్రి వేటాడే పాము ఆ కొసను చేరాలంటే అదే రెమ్మ మీదుగా రావాలి. వచ్చిన మరుక్షణం రెమ్మ ఊగుతుంది. ఊసరవెల్లికి బయటికి కనిపించే చెవి రంధ్రం లేదు, వినికిడి స్వల్పం. ప్రకంపనలను మాత్రం చక్కగా గ్రహిస్తుంది. ఆ ఊపుకు మెలకువ వచ్చి పట్టు వదిలి కింది పొదలోకి జారిపడుతుంది. కాళ్ళ వేళ్ళు రెండు జట్లుగా విడిపోయి పటకారులా పనిచేస్తాయి; తోక ఐదవ కాలు వంటిది. వీటి ఆసరాతో రాత్రంతా నిద్రలోనూ పట్టు సడలదు.

అందుకే పంజరంలో కొమ్మల అమరికకు ప్రాధాన్యం ఉన్నది. ఎత్తుగా, ఆకుల చాటున, సన్నని రెమ్మలు లేని పంజరంలో ఊసరవెల్లి సరైన పడక దొరకక గోడ జాలీని పట్టుకుని వేలాడుతుంది. ప్రతి రాత్రీ చోటు మారుస్తున్నదంటే కూడా ఉన్న చోటు నచ్చలేదనే అర్థం. పడక కుదిరిన ప్రాణి సాధారణంగా రోజూ ఒకే కొమ్మకు చేరుతుంది.

పాలిపోవడంలోని మర్మం

నిద్రలో రంగు వెలిసిపోవడం ప్రాచీనులను కూడా ఆలోచింపజేసింది. రెండు వేల మూడు వందల సంవత్సరాల క్రితం గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఊసరవెల్లిని పరిశీలించి, దాని కళ్ళనూ కాళ్ళనూ వివరంగా వర్ణిస్తూ, మరణించేటప్పుడు అది పాలిపోతుందని రాశాడు. తరువాత రోమన్ రచయిత ప్లినీ అది గాలిని మాత్రమే భోంచేసి బతుకుతుందని చెప్పి, శతాబ్దాల తరబడి నిలిచిన అపోహకు ఆజ్యం పోశాడు. అరిస్టాటిల్ చెప్పినది నిజమే. అయితే మరణంలో మాత్రమే కాదు, ప్రతి రాత్రీ నిద్రలోనూ ఊసరవెల్లి పాలిపోతుంది. కొత్త యజమాని భయానికి మూలం ఇదే.

ఊసరవెల్లి చర్మంలో రంగులు వేసేవి వర్ణకాలు మాత్రమే కావు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పాంథర్ కమీలియన్‌ను పరీక్షించి, దాని చర్మకణాలలో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరుసలు తీరి ఉన్నాయనీ, వాటి మధ్య దూరం మారినప్పుడు ప్రతిఫలించే వెలుగు రంగు మారుతుందనీ నిరూపించారు. ప్రాణి ప్రశాంతంగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గరగా ఉండి నీలికాంతిని వెనుకకు పంపుతాయి. పైనున్న పసుపు వర్ణకంతో కలిసి అది పచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకంలో స్ఫటికాలు ఎడమై పసుపు, నారింజ, ఎరుపు కాంతులు వెలువడుతాయి. వీటికి తోడు నల్లని వర్ణకంతో నిండిన కణాలున్నాయి. ఆ వర్ణకం పైకి పరచుకుంటే చర్మం నల్లబడుతుంది. కణం నడుమకు ముడుచుకుంటే చర్మం తేలికబడుతుంది. చీకటిలో జరిగేది ఈ రెండవది.

ఇక్కడ ఒక వింత ఉన్నది. వెలుగును గ్రహించడానికి ఊసరవెల్లి చర్మానికి కన్నుతో పని లేదు. నిద్రిస్తున్న ఊసరవెల్లి మీద దీపపు వెలుగు పడితే, కళ్ళు మూసి ఉన్నా, వెలుగు పడిన మేర నల్లబడటం మొదలవుతుంది. చూపుతో సంబంధం లేకుండా చర్మమే వెలుగుకు స్పందిస్తుందని 1934లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా తెలిపారు. నిద్రపోతున్నదా లేదా అని మాటిమాటికీ టార్చి వేసి చూసే యజమాని, తనకు తెలియకుండానే ఆ నిద్రను చెడగొడుతున్నాడన్నమాట.

రాత్రి పాలిపోయే ఈ గుణమే అడవులలో తిరిగే శాస్త్రజ్ఞులకు వరమయింది. పగటి పూట ఆకులలో కలిసిపోయి ఎంత వెదకినా కనిపించని ఊసరవెల్లి, రాత్రి టార్చి వెలుగులో ముదురాకుల మధ్య తెల్లని చారలా తేలిపోతుంది. ఒక అడవిలో ఎన్ని ఊసరవెల్లులున్నాయో లెక్కించేవారు పగలు కాక రాత్రే బయలుదేరడానికి కారణం ఇది.

మూసిన రెప్పల వెనుక

నిద్రిస్తున్న మనిషి కనుగుడ్లు కొన్ని సమయాలలో రెప్పల కింద వేగంగా కదులుతాయని 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కలలు విస్తారంగా వచ్చే నిద్రాదశ అదేనని తరువాత తేలింది. ఈ రకపు నిద్ర క్షీరదాలకూ పక్షులకూ మాత్రమే పరిమితమని చాలాకాలం భావించారు. అయితే 1966లోనే అమెరికన్ పరిశోధకులు కొందరు నిద్రిస్తున్న ఊసరవెల్లులలో కంటి కదలికలను నమోదు చేసి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. యాభై సంవత్సరాల తరువాత, 2016లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో గల మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థవారు ఆస్ట్రేలియాకు చెందిన బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి మెదడు తరంగాలను రాత్రంతా కొలిచారు. తొండల కుటుంబానికి చెందిన ఈ జీవి ఊసరవెల్లికి దగ్గరి చుట్టం. దాని నిద్రలో రెండు దశలు - మెదడు తరంగాలు మందగించే దశ ఒకటి, కంటి కదలికలతో కూడిన దశ మరొకటి - సుమారు ఎనభై సెకన్లకు ఒక ఆవృతి చొప్పున క్రమం తప్పకుండా మారుతున్నట్లు కనుగొన్నారు. మనిషిలో ఇటువంటి ఆవృతికి గంటన్నర పడుతుంది.

కనుక రాత్రి మూసిన రెప్పల కింద ఊసరవెల్లి కనుగుడ్డు కొద్దిగా కదిలినా, కాలు ఒకింత అదిరినా అది జబ్బు లక్షణం కాదు.

పగటి కునుకు చెప్పే కబురు

ఇక అసలు విషయానికి వద్దాం. పగటి వెలుగులో ఆరోగ్యవంతమైన ఊసరవెల్లి కళ్ళు మూసుకుని ఉండదు. దాని బతుకంతా చూపు మీదనే ఆధారపడి ఉన్నది. శంఖాకారపు కనుగోపురాలు రెండూ దేనికది స్వతంత్రంగా తిరుగుతూ చుట్టూ కాపలా కాస్తాయి; పురుగు కనిపించగానే రెండూ కలిసి గురిపెడతాయి. శత్రువుల బారిన పడే ప్రాణి పగలు కళ్ళు మూసుకోవడమంటే ఇంటి తలుపులు తెరిచిపెట్టి నిద్రపోవడమే. అటువంటి తెగింపు గతిలేనప్పుడే చేస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉన్నది. కంటిలో నలుసు పడినప్పుడు ఊసరవెల్లి ఆ కనుగోపురాన్ని బుడగలా ఉబ్బించి, గుండ్రంగా తిప్పి, కొమ్మకు రాసి శుభ్రపరచుకుంటుంది. చూసేవారికి భయం గొలిపినా ఇది సహజమే. కొద్ది నిమిషాలలో ముగియాలి. రోజంతా ఒక కన్ను మూసుకునే ఉంటే, లేదా ఆ వాపు తగ్గకపోతే, అది శుభ్రపరచుకోవడం కాదు. కంటిలో గాయమో, చీమో ఉన్నదన్నమాట.

రెండు కళ్ళూ మూతపడటానికి కారణాలు పలు రకాలు. వాటిలో మొదట చెప్పుకోవలసినది దాహం. ఊసరవెల్లి సాధారణంగా గిన్నెలో నిలిచిన నీటిని గుర్తించదు. ఆకుల మీద జారే బిందువులనే నాకి తాగుతుంది. గిన్నె నిండా నీళ్ళు పెట్టి తృప్తిపడే ఇంట్లో అది ఎండిపోతుంది. కళ్ళు లోపలికి గుంటపడతాయి; మలంతో పాటు వచ్చే తెల్లని ముద్ద ముదురు పసుపు, నారింజ రంగులకు తిరుగుతుంది. రెండవది ఏ విటమిన్ లోపం. ఒకే రకం పురుగులతో పెంచిన ప్రాణికి రెప్పలు వాచి అతుక్కుంటాయి. మూడవది ఊపిరితిత్తుల వ్యాధి. ముక్కు పైకెత్తి, నోరు తెరిచి, ఈల వంటి శబ్దంతో శ్వాసించే ఊసరవెల్లి శ్వాస కోసం కష్టపడుతున్నదని గ్రహించాలి.

నాలుగవది ఎముకల బలహీనత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే దాని శరీరంలో డి విటమిన్ తయారై సున్నం ఎముకలకు పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది కనుక అద్దం వెనుక పడే ఎండ చాలదు. 2009లో అమెరికాలో పాంథర్ కమీలియన్ల మీద జరిగిన పరిశోధన ఒక ఆశ్చర్యకరమైన విషయాన్ని బయటపెట్టింది. ఒంట్లో డి విటమిన్ తక్కువగా ఉన్న ఊసరవెల్లులు తమంతట తామే ఆ కిరణాలు ఎక్కువగా పడే చోట కూర్చున్నాయి. సరిపడా ఉన్నవి ఆ చోటును తగ్గించుకున్నాయి. తన అవసరమేమిటో ప్రాణికి తెలుసు. తీర్చుకునే వీలు పంజరంలో ఉండాలి, అంతే. ఆ వీలు లేనప్పుడు ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంకర్లు పోయి, పట్టు సడలి, రాత్రి నిద్రలో కొమ్మ మీది నుంచి జారిపడుతుంది. ఉదయం పంజరం అడుగున కనిపించిన ఊసరవెల్లిని 'కింద పడుకోవడానికి ఇష్టపడింది' అనుకోవడం ప్రమాదకరం.

అడుగున తిరిగే ఆడ ఊసరవెల్లి విషయంలో మాత్రం మరొక కారణాన్ని కూడా ఆలోచించాలి. వెయిల్డ్ కమీలియన్ ఆడది మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టగలదు. గుడ్లు పెట్టే సమయం సమీపించినప్పుడు తిండి తగ్గించి, నిద్ర మాని, కొమ్మలు దిగి నేలను గీరుతూ అశాంతిగా తిరుగుతుంది. తవ్వుకోవడానికి లోతైన తడి ఇసుక అమర్చితే గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తిరిగి కొమ్మకు చేరుతుంది. ఆ ఏర్పాటు లేకపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి తల్లి ప్రాణానికే ముప్పు వస్తుంది. నీరసంతో పగలు కళ్ళు మూసుకోవడం ఆ ముప్పుకు ఆఖరి సూచన.

అడవి జంతువు జబ్బును దాచుకుంటుంది. బలహీనత బయటపడితే వేటగాడి కన్ను పడుతుందనే భయం దాని స్వభావంలోనే ఉన్నది. కాబట్టి పగలు కళ్ళు మూసుకున్న ఊసరవెల్లి అప్పుడే జబ్బుపడినది కాదు. ఇక దాచుకోలేని స్థితికి వచ్చినది. సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుని వద్దకు ఆ రోజే తీసుకువెళ్ళాలి. ఇంట్లో తోచిన మందులు వేస్తూ ఎదురుచూడటం తగదు.

చీకటి అనే ఔషధం

కొన్ని ఇళ్ళలో ఊసరవెల్లి పగలు మగతగా ఉండటానికి కారణం రోగం కాదు, నిద్రలేమి. పంజరం ఉన్న గదిలో అర్ధరాత్రి దాకా టెలివిజన్ వెలుగుతుంది. ఎవరో ఒకరు దీపం వేస్తూ ఆర్పుతూ ఉంటారు. చలి వేస్తుందేమోనని కొందరు రాత్రంతా ఎర్రదీపం వెలిగించి ఉంచుతారు. ఎరుపు దానికి కనిపించదనే నమ్మకం సరికాదు. ఊసరవెల్లికి రంగుల చూపు బాగా ఉన్నది. పగలు సుమారు పన్నెండు గంటల వెలుగు, రాత్రి అంతే నిడివి గల పూర్తి చీకటి - ఇంతకు మించిన నిద్రమందు దానికి లేదు.

రాత్రి చల్లదనం గురించి కూడా అనవసరపు భయం ఉన్నది. కొండ ప్రాంతపు జాతులకు రాత్రి ఉష్ణోగ్రత పగటికంటే చెప్పుకోదగినంత తగ్గడం మేలు చేస్తుంది. శీతల రక్తపు ప్రాణి కనుక ఒళ్ళు చల్లబడినప్పుడు జీవక్రియ నెమ్మదించి నిజమైన విశ్రాంతి లభిస్తుంది. తెల్లవారగానే ఎండకు అడ్డంగా నిలిచి, ఒంటిని పలకలా చదును చేసి, ఎండ సోకే పక్కను నల్లబరచుకుని వేడిని పీల్చుకుంటుంది. ఉదయం పూట కనిపించే ఆ నలుపు కోపమూ కాదు, రోగమూ కాదు. 2010లో అమెరికాలోని దక్షిణ ఫ్లారిడా విశ్వవిద్యాలయంవారు ప్రచురించిన ఒక అధ్యయనం మరో విశేషాన్ని తెలిపింది. చలికి కండరాలు మందగించినా వెయిల్డ్ కమీలియన్ నాలుకను విసిరే వేగం మాత్రం పెద్దగా తగ్గదు. నాలుకలోని సాగే కణజాలం విల్లులా ముందే శక్తిని నిలువచేసి ఉంచుకోవడమే దీనికి కారణం. ఒళ్ళింకా వేడెక్కని వేళ కూడా అది మొదటి పురుగును పట్టుకోగలదు.

మన పొదలలోని ఊసరవెల్లి

భారతదేశంలోనూ ఊసరవెల్లి ఉన్నది. గంగానదికి దక్షిణంగా, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల మెట్ట పొదలలోనూ, ఆకురాల్చే అడవులలోనూ, అలాగే శ్రీలంకలోనూ నివసించే ఈ జాతికి 1768లోనే శాస్త్రీయ నామకరణం జరిగింది. పెరటి కంచె మీద తల ఊపుతూ మెడ ఎర్రబరచుకునే తొండను చూసి చాలామంది ఊసరవెల్లి అని పొరబడతారు. నిజమైన ఊసరవెల్లి తొండలా పరుగెత్తదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనుకకూ ఊగుతూ ఒక్కొక్క అడుగే వేస్తుంది. మాట మార్చే మనిషికి దాని పేరు తగిలించి తిట్టడం లోకంలో పరిపాటి. ఆ అపకీర్తికి మూఢనమ్మకాలు తోడై, కనిపించిన చోటనే రాళ్ళతో కొట్టి చంపేవారు ఇంకా ఉన్నారు. నిజానికి అది ఎవరినీ మోసగించడానికి రంగులు మార్చదు. వేడికీ, వెలుగుకూ, భయానికీ, కోపానికీ, నిద్రకూ తగినట్లు దాని ఒళ్ళు దానంతటదే చెప్పే నిజాలవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం భారతీయ ఊసరవెల్లికి రక్షణ కల్పించింది. దానిని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అంతర్జాతీయ ఒప్పందం కిందకు వచ్చే విదేశీ జాతులను కలిగి ఉన్నవారు వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలని 2022 నాటి చట్ట సవరణ, 2024 నాటి నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అమెరికా వంటి దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు దుకాణంలో చూసి ముచ్చటపడి ఊసరవెల్లిని అడగవచ్చు. కొనేముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసినది ఒకటే - అది చేతిలో ఆడే బొమ్మ కాదు, ఎత్తుకుంటే మురిసే కుక్కపిల్ల కాదు. మనుషుల చేతులలో కళ్ళు మూసుకున్న ఊసరవెల్లి సుఖంగా ఒదిగిపోయిందని సంబరపడేవారున్నారు. భయం మితిమీరి తప్పించుకునే దారి లేనప్పుడు కూడా అది అలాగే కళ్ళు మూసుకుంటుంది.

పొలం గట్టున, తోటలో, పల్లె దారి పక్కన ఎవరి టార్చి వెలుగుకైనా కొమ్మ చివర పాలిపోయిన ఊసరవెల్లి కనిపిస్తే అది చచ్చినదీ కాదు, జబ్బుపడినదీ కాదు. కొమ్మను కదపకుండా టార్చి ఆర్పి ముందుకు సాగిపోవడమే దానికి చేయగల మేలు. తెల్లవారితే అది తన రంగు తాను తెచ్చుకుంటుంది. పగటి ఎండలో రోడ్డు దాటలేక ఆగిపోయినది కనిపిస్తే ఒక పుల్లను అందించి, అది వెళుతున్న వైపు పొదలోనే దించి రావాలి. గాయపడి కళ్ళు మూసుకుని ఉన్నదైతే ఇంటికి తీసుకుపోక అటవీశాఖవారికి కబురు చేయాలి.